గురువారం మూసిన కిటికీ

హెడ్లీ ప్రాక్టర్ మీద డెల్ఫినాకి మొదటి రోజు నుంచే కోపం.

ఎదుట నిలబడి మాట్లాడుతుంటే ఆ ముసలాయన కళ్ళలోకి చూసేవాడు కాదు. నోటికేసే చూసేవాడు. తన పోర్చుగీసు యాసని వెక్కిరిస్తున్నాడనుకుంది.

పైగా పక్కనున్న మనిషితో కూడా వీధి చివరనున్నవాణ్ణి కేకేసినట్టు మాట్లాడేవాడు.

రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం మీద పది నెలలు చదువుకోడానికి ఇంగ్లీషువాళ్ళ ఊరు నారిచ్ వచ్చిన పిల్ల ఆమె. వచ్చిన వారానికే, అద్దెగది కిటికీలోంచి ఎదురు చర్చి గంటలు విని, రోడ్డు దాటి గోపురం మెట్లెక్కింది.

వాళ్ళ ఊళ్ళో తాత చర్చి గంట మోగించేవాడు. చిన్నప్పుడు ఆయన లాగుతుంటే తాడు కొస పట్టుకుని వేలాడేది. ఈ పరాయి ఊళ్ళో మళ్ళీ తాడు చేతికి తగిలితే, తాత చెయ్యి తగిలినట్టే ఉండేది. మంగళవారం కోసం మిగతా ఆరు రోజులూ ఈడ్చేది.

మంగళవారం సాయంత్రం సాధన. గోపురంలో వేలాడే గంటలు ఆరు, లాగే మనుషులు ఆరుగురు, వాళ్ళకి పెద్ద హెడ్లీ. ఒకరి వెనక ఒకరు వరస తప్పకుండా లాగాలి. డెల్ఫినా చెవి ఒగ్గి, ముందు గంట మోగాక లాగేది. అది ఆయనకి గిట్టేది కాదు.

"వినకు పిల్లా. తాళ్ళు చూడు."

గంటలు వినొద్దనే మనిషి గంటలకి పెద్ద ఎలా అయ్యాడో ఆమెకి అర్థం కాలేదు. మేవిస్ అనే పెద్దావిడ టీ పోసి ఇస్తూ, నలభై ఏళ్ళుగా తననీ ఇలాగే తిడుతున్నాడనీ, తనింకా బతికే ఉందనీ నవ్వేది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం అమ్మ ఫోన్ చేసింది.

తాత పోయాడు. పూడ్చడం కూడా అయిపోయింది. పరీక్షలు పాడవుతాయని ముందే చెప్పలేదట.

తాతకి గంట ఎవరు మోగించారని అడిగింది డెల్ఫినా. మోగించేవాడే పోయాక ఇంకెవరున్నారు? మైకులో గంటల కేసెట్ వేశారట.

యాభై ఏళ్ళు ఊరందరి చావులకీ తాడు లాగిన మనిషికి, చివరికి కేసెట్టు.

మర్నాడు అందరికంటే ముందే గోపురం ఎక్కింది. హెడ్లీ ఒక్కడే ఉన్నాడు. వీపు ఇటు పెట్టి వంగి, అరిగిన తాడు కొసకి నూలు చుడుతున్నాడు.

"ప్రాక్టర్ గారూ, మా తాత పోయాడు. ఆయన కోసం ఒక్కసారి గంట మోగించనిస్తారా?"

ఆయన తల తిప్పలేదు.

మళ్ళీ అడిగింది.

శ్రుతీ పాడూ లేని ఈల ఒకటి వేసుకుంటూ హెడ్లీ నిచ్చెనెక్కి పైకి వెళ్ళిపోయాడు. దున్నపోతు మీద వాన.

దిగుతుంటే మెట్ల మలుపులో మేవిస్ ఎదురైంది.

"ఎనభై ఒక్కేళ్ళ మా తాత పోయాడంటే, ఈల వేశాడు మీ పెద్దమనిషి."

"అయ్యో, ఆగమ్మా, ఆయనకి..."

ఆగలేదు. అప్పటికే వీధిలో ఉంది.

గురువారం మధ్యాహ్నం పరీక్షకి చదువుకుంటోంది. హీటరు ఉక్కకి కిటికీ కాస్త తెరిచి పెట్టింది. ఎదురుగా గంట మోగింది. ఒకే ఒక్క గంట, దుప్పటి కప్పినట్టు బొంగురుగా.

చాలాసేపటికి రెండోది. తరవాత మూడోది.

తను చేతులు జోడించి అడిగితే మోగని గంట, వీళ్ళ అవసరానికి మాత్రం మోగుతుంది. నాలుగోది మోగగానే లేచి కిటికీ విసురుగా మూసేసింది. చెవుల్లో దూది పెట్టుకుంది.

ఆ తరవాత గోపురం మెట్లు తొక్కలేదు. సంతలో మేవిస్ కనిపిస్తే పక్క వరసలోకి తప్పుకునేది. క్యాలెండరు మీద రోజులు కొట్టేసుకుంటూ బతికింది.

జూన్‌లో పెట్టె సర్దుకుని బస్సు స్టాండుకి వచ్చింది. అక్కడ తప్పుకోడానికి పక్క వరస లేదు. మేవిస్ వచ్చి పెట్టె పక్కనే కూర్చుంది. హెడ్లీ ఏప్రిల్‌లో పోయాడని చెప్పింది.

డెల్ఫినాకి అబద్ధపు ఏడుపు రాలేదు.

"ఆరోజు ఆయన నాకు జవాబు కూడా చెప్పలేదు."

మేవిస్ ఆమె వైపు తిరిగింది.

"వినపడితేగా తల్లీ చెప్పడానికి. పద్నాలుగేళ్ళకే బడి మాని చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు. ఆ యంత్రాలు చెవులు తినేశాయి. ఇరవై ఏళ్ళుగా ఒక్క ముక్క వినపడేది కాదు. ఆయనకి రోషం, అందుకే మేమెవరమూ పైకి అనేవాళ్ళం కాదు. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. నువ్వేమో వీపుకి చెప్పావు."

బస్సు వచ్చింది. డ్రైవరు దిగి పెట్టె లోపల పెడుతున్నాడు. మిగతాది మేవిస్ గబగబా చెప్పింది.

"పోయినవాళ్ళకి వయసెంతైతే అన్నిసార్లు కొట్టడం మా ఆనవాయితీ. సంగతి నేను చెప్పాక, చావు గంట మెత్తగా మోగాలని దాని నాలుకకి తనే తోలు కట్టాడు. నన్ను తాడు ముట్టుకోనివ్వలేదు. లెక్క తప్పుతుందేమోనని ఎదురుగా నిలబెట్టి వేళ్ళు చూపించమన్నాడు. నలభై నిమిషాలు. వెళ్ళి నీకు చెప్పొస్తానంటే వద్దన్నాడు. కిటికీ ఎదురుగానేగా, ఆ పిల్ల వింటుంది, లెక్కపెట్టుకుంటుంది అన్నాడు."

బస్సు కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా డెల్ఫినా గోపురం కేసే చూసింది.

ఒక్కటీ తన చెవిన పడదని తెలిసిన ఆ మనిషి ఆమె వినాలని ఎనభై ఒక్కసారి తాడు లాగితే, ఆమె విన్నవి నాలుగు, దూదికీ కిటికీకీ పోగొట్టుకున్నవి డెబ్బై ఏడు.