ముసుగు వేసిన రాణి

రోమ్ టంకశాలలో అచ్చులు చెక్కే ఫిలేటస్‌కు కొత్త బంగారు నాణెం పని వచ్చింది. మహారాణి ముఖం, తలమీద ముసుగు, చుట్టూ ‘దేవత’ అన్న అక్షరాలు. పోలికలు చెప్పడానికి అంతఃపురం నుంచి మిర్తాలె అనే దాసి రోజూ వచ్చేది.

"ముక్కు ఇంకాస్త కోటేరులా ఉండాలి తాతా," అంది.

"సరేలే పిల్లా. ఇంతకీ అమ్మగారు ఎలా పోయారు? ఊళ్ళో ఎవరూ అనుకోవడం లేదే."

"పోవడమేంటి? పొద్దున నేనే తల దువ్వి వచ్చాను."

ఫిలేటస్ చేతిలో ఉలి ఆగిపోయింది. ఆ ముసుగు, ఆ మాట చనిపోయిన రాణులకే చెక్కుతారు. చక్రవర్తి ముద్రతో ఉత్తర్వు వచ్చి పదిరోజులైంది.

"పరుగెత్తవే. వెంటనే ఆవిడకి చెప్పు," అన్నాడు.

మర్నాడు మిర్తాలె ఉబ్బిన కళ్ళతో వచ్చింది.

"చెప్పాను తాతా. అమ్మగారికి ముందే తెలుసు. అన్ని వాకిళ్ళకీ కాపలా పెట్టేశారట. నన్ను రోజూ నీ దగ్గరికి పంపింది ఆవిడే. ముఖమైనా తనదిగా మిగలాలంట. నవ్వు మాత్రం చెక్కొద్దని చెప్పమంది."

ఫిలేటస్ ఆ పెదవులను బిగించి చెక్కాడు. వారం తిరక్కుండా రాణి చావు కబురూ, ఆ నాణెమూ ఒకే ఉదయం బజారుకు వచ్చాయి.