డ్రా అడిగిన డాక్టరు

ఓడిన ఆట గురించి నీకు రాయడమెందుకని, పోస్టుకార్డు కొని కూడా నాలుగు రోజులు బద్ధకించాను.

చదరంగం పోటీలో ఎనిమిది ఆటలూ వరసగా ఓడాను. నేను దర్జీని. ఆల్టరేషన్‌కొచ్చిన ప్యాంటు జేబుల్లో మిగిలిపోయిన, చదరంగం శీర్షికలున్న పత్రిక ముక్కలే నాకు ఎత్తులు నేర్పాయి.

తొమ్మిదో ఆట మధ్యలో, ఏటా కప్పు గెలిచే పళ్ల డాక్టరు చెయ్యి చాచాడు.

"డ్రా చేసుకుందామా, పెద్దాయనా?"

ఒప్పుకుంటే అర పాయింటు వస్తుంది, సున్నాతో ఇంటికెళ్లే బాధ తప్పుతుంది. కానీ జాలి నాకు అరగదు.

"ఓడించే వెళ్లండి డాక్టరుగారూ," అన్నాను.

మరో ఇరవై ఎత్తుల్లో ఓడించాడు. తర్వాత నుదురు తుడుచుకున్నాడు.

"బతికిపోయాను. అప్పుడు మీరు గుర్రం దూకించుంటే నా రాజుకి దిక్కులేదు. అందుకే డ్రా అడిగా."

అయితే అది జాలి కాదు, భయం.

బయటికొస్తూ వచ్చే ఏడాది పోటీకి పేరు రాయించాను.