లేని వాక్యం

“ఎక్కడుంది? చూపించండి.”

ఆమె బైబిల్ తెచ్చి బల్ల మీద, రంగు డబ్బాల మధ్య పెట్టింది. భర్త బ్రష్షు తుడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఆయన షాపులకు బోర్డులు రాసే పెయింటరు. పదింటికల్లా ఒక మందుల షాపు బోర్డు పూర్తిచేసి ఇవ్వాలి.

“ఏమిటి చూపించేది?”

“ఆ రోజు మీరు వేలు పెట్టి చదివిన వాక్యం. ‘ఇల్లు విడిచి వెళ్ళినవారి గడప తొక్కవద్దు, వారి కొరకు ప్రార్థన మాత్రము చేయుము’ అని. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఎక్కడా లేదు.”

ఆయన తల ఎత్తకుండా మళ్ళీ బ్రష్షు తుడవసాగాడు.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వేరే మతం కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. “నాకు కూతురు లేదు, చచ్చిపోయింది” అని ఈమె నలుగురి ముందూ అరిచి తలుపేసింది. కోపంలో ఏ తల్లి నోటికైనా అడ్డూ అదుపూ ఉంటుందా? నెల తిరక్కుండానే కోపం కరిగిపోయింది. ముద్ద దిగడం మానేసింది. “కాళ్ళు పట్టుకునైనా తీసుకురండి” అని భర్తను పంపింది. సాయంత్రానికి ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. ఇంటికి తాళం వేసి ఉందన్నాడు.

“అయితే రేపు నేనే వెళ్తాను” అందామె.

మర్నాడు ఉదయం ప్రార్థనలో ఆయన బైబిల్ తెరిచి, వేలు పెట్టి, ఆ వాక్యం చదివాడు. అప్పటికి ఆమెకు చదువు రాదు. ఆ పుస్తకంలో ఉందంటే ఉన్నట్టే. బయల్దేరిన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అప్పటినుంచి ప్రార్థన ఒక్కటే మిగిలింది.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. నాలుగేళ్ళ కిందట అక్కడ రిజిస్టరు రాయడానికి ఒకావిడ చేరింది. మనిషి కుదురు చూసి అందరూ టీచరమ్మ అని పిలిచేవారు. మధ్యాహ్నం మిషన్లు ఆపే అరగంటలో ఆవిడే ఈమెకు అక్షరాలు దిద్దించింది. బైబిల్ చదవాలని ఉందంటే మాత్రం ఒక షరతు పెట్టింది.

“పాస్టరుగారు చెప్పిందీ, మీ ఆయన చెప్పిందీ, నువ్వు నమ్మిందీ అంతా చెప్పులతోపాటు బయట విడిచి రా. కాగితం మీద ఏముందో అదే చదువు. లేనిది కలపకు.”

“అలా చదివితే పాపం కాదూ?”

“చదివి చూడు. పాపమని రాసి ఉంటే మానేద్దాం.”

చదివేకొద్దీ ఆమెకు మతిపోయింది. మొదటి ఆడది తిన్న పండు ఆపిల్ అని ఎక్కడా లేదు. చుక్కను చూసుకుంటూ వచ్చిన జ్ఞానులు ముగ్గురని లేనే లేదు. మరి ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎవరు చెప్పారబ్బా అని నవ్వుకుంది కూడా. ఇల్లు వదిలిపోయిన కొడుకు తిరిగొస్తుంటే దూరం నుంచే చూసి పరుగెత్తిన తండ్రి కథ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చుని ఏడ్చింది. నిన్న మధ్యాహ్నం ఆఖరి పేజీ అయిపోయింది.

“లేదు కదూ?” అని మళ్ళీ అడిగింది.

“లేదు. నేనే అల్లాను” అన్నాడాయన.

“ఎందుకు?”

“వదిలెయ్యవే.”

“ఎందుకని అడుగుతున్నాను!”

“నువ్వు అక్కడికి వెళ్ళకుండా.”

“నా బిడ్డ దగ్గరికి నేను వెళ్తే నీకేం పోయింది? నీ పరువా?” ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. “ఆడినవాడివి మామూలు అబద్ధమైనా ఆడావా? దేవుడి నోట్లో పెట్టి ఆడావు. ఊరంతటికీ అక్షరాలు రాస్తావు, పెళ్ళానికి ఒక్క అక్షరం నేర్పలేదు. ఇందుకేనా?”

ఆయన బ్రష్షు రంగులో ముంచాడు. బోర్డు మీద పెట్టకుండానే మళ్ళీ తుడిచేశాడు.

“ఇవాళ వెళ్తున్నాను” అందామె.

“వద్దు. ఈ ఒక్కసారి నా మాట విను.”

“విన్నందుకే తొమ్మిదేళ్ళు పోయాయి.”

ఆయనకు తప్ప తెలియని కూతురి అడ్రసు టీచరమ్మ నిన్ననే నలుగురినీ అడిగి కనుక్కుని చీటీ మీద రాసిచ్చింది. బస్సులో ఆ చీటీ పట్టుకుని కూర్చుందే గానీ ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. కూతురంటే ప్రాణం పెట్టే మనిషనుకుంది ఆయన్ని. పక్కనే ఉండి గొంతు కోశాడు. మనవలు పుట్టారో లేదో కూడా తనకు తెలియదు. అమ్మ ఎందుకు రాలేదని ఆ పిల్ల ఎన్నిసార్లు ఏడ్చి ఉంటుందో! వెళ్ళగానే ముందు ఈ సంగతి చెప్పాలి. తప్పు తనది కాదని చెప్పాలి.

మూడో అంతస్తు. తలుపు మీద రెండు పేర్లు. పైది అల్లుడిది. కిందిది కూడబలుక్కుని చదివింది. కూతురిది. తను పెట్టిన పేరే, రాస్తే ఎలా ఉంటుందో ఇప్పుడే చూసింది. బెల్లు నొక్కింది.

తలుపు సగం తెరుచుకుంది. కూతురు కాస్త ఒళ్ళు చేసింది. కళ్ళజోడు వచ్చింది.

“నువ్వా!” అంది.

“మీ నాన్న మనిద్దరినీ మోసం చేశాడే!” తల్లి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. “నేనే చదివాను తల్లీ, ఒక్క మాట వదలకుండా. నీ గడప తొక్కొద్దని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అదంతా మీ నాన్న అల్లిందే!”

కూతురు తలుపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

“నువ్వు తలుపేసిన నెల రోజులకు నాన్న ఇక్కడికి వచ్చాడుగా. ఇంటికొచ్చి నీకేం చెప్పాడు?”

“తాళం వేసి ఉందన్నాడు.”

కూతురు రెండో చేత్తో కళ్ళజోడు తీసింది.

“నిన్ను రావద్దని ఆ రోజు నాన్నతో చెప్పి పంపింది నేనే.”