నీకేమి వచ్చు?

కంప్యూటరు గది తలుపు తోసుకొని ఒకామె లోపలికి వచ్చింది.

నున్నటి గుండు. దాని మీద ఆరీ ఆరని గంధం. చేతిలో లడ్డూల సంచి.

తిరుపతిలో గుండు కనబడితే ఎవరని అడిగేవాళ్ళుండరు. కొండ దిగినవాళ్ళే.

"నీళ్ళు బయట కుండలో ఉండాయమ్మా," అన్నాడు గంగాధరం తల తిప్పకుండానే.

అది 1988. మద్రాసు కంపెనీ ఆఫీసరు ఆ రోజే కాలేజీకి వస్తున్నారు. గంగాధరం రాసిన ప్రోగ్రాము నచ్చితే ఉద్యోగం. నచ్చదేమోనన్న అనుమానం అతనికి కలలో కూడా లేదు.

"నేను మద్రాసు నుంచి..." అందామె.

"మద్రాసు బస్సా? గేటు దాటి ఎడంపక్కకు పో, ఆడ ఆగుతాది."

ఆమె నవ్వింది. కదల్లేదు. "అదేం చేస్తుంది నాయనా?" అని తెర వైపు చూపించింది.

గొప్ప చెప్పుకొనే అవకాశం వస్తే వదిలే రకం కాదు గంగాధరం. కుర్చీ ఇటు తిప్పాడు.

"ఇది స్మాల్‌టాక్ అనే కంప్యూటరు భాషమ్మా. దీంట్లో అన్నీ వస్తువులే. ఏ వస్తువు ఏ పని చేస్తాదో మామూలుగా మనమే ముందు రాసి పెట్టాల. నా ప్రోగ్రాము అట్ల కాదు. ఏ కొత్త వస్తువు వచ్చినా దాన్నే అడుగుతాది, నువ్వెవరు, నీకేమి వచ్చు అని. అదే చెప్తాది."

"రాని పని చెప్తే?"

"చెప్పదు. ఇది నీకు వచ్చునా అని ముందే అడుగుతాది కదా!"

"పైపైన చూసి, ఇది ఫలానా అని అనుకోదా?"

"అట్ల అనుకుంటే మోసపోమా అమ్మా!"

"బాగుంది. చాలా బాగుంది." ఆమె నిజంగానే మెచ్చుకుంది. ఒక లడ్డు తీసి బల్ల మీద పెట్టింది.

"సరే, ఇంక పోయిరామ్మా. ఆఫీసరు వచ్చే టైమయింది. ఈడ యాత్రికులు కూచోనుంటే బాగుండదు."

ఆమె చెప్పులు వేసుకొని వెళ్ళిపోయింది.

గంగాధరం లడ్డు కళ్ళకద్దుకొని తిన్నాడు. చొక్కా సర్దుకున్నాడు. సాయంత్రం దాకా కారు కోసం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

కారు రాలేదు. ప్రిన్సిపాల్ బాలసుబ్రమణ్యం వచ్చాడు.

"సార్, ఆఫీసరు ఇంకా రాలేదే!"

"వచ్చి పోయినారు కదప్పా. ఇప్పుడే లాడ్జి నుంచి ఫోన్ చేసినారు. ప్రోగ్రాము బ్రహ్మాండంగా ఉండాదంట. కంపెనీ తీసుకుంటాదంట. రాసినోడు మాత్రం వద్దన్నారు."

"నన్నా? ఆయన నన్ను యాడ చూసినాడు సార్?"



"ఆయన కాదప్పా, ఆమె. మొక్కు తీర్చుకొని, కొండ దిగి నేరుగా నీ దగ్గరికే వచ్చినారంట."