నడి సరస్సులో హారన్లు

నడి సరస్సులో ఇంజను ఆపేసి, పడవవాడు గౌదెంజియో వైను సీసా బిరడా లాగాడు. నురగ పొంగి ఎదురుగా కూర్చున్న అమ్మాయి చెప్పుల మీద పడింది.

"ఇంకా ఎంతసేపు నానుస్తావు బాబూ? అడిగెయ్!" అన్నాడు ఆమెతో వచ్చిన కుర్రాడి భుజం తట్టి. "అమ్మాయీ, నువ్వు మరీ బెట్టు చెయ్యకు. నా పడవలో కాదన్న పిల్ల ఇంతవరకూ లేదు."

కుర్రాడి ముఖం ఎర్రబడింది. అమ్మాయి ముఖం పాలిపోయింది. గౌదెంజియో రెండూ చూశాడు. రెండూ శుభసూచకాలే అనుకున్నాడు.

ఒక రకంగా అతన్ని అనడానికి లేదు. ఓర్తా రేవు నుంచి శాన్ జూలియో ద్వీపానికి అందరూ ఎక్కే లాంచీ ఉంది. దాన్ని కాదని ఒక కుర్రాడు ఒక పిల్ల కోసం పడవంతా మాట్లాడుకుని, "నేరుగా వద్దు, చుట్టూ తిప్పి నెమ్మదిగా తీసుకెళ్ళండి" అన్నాడంటే, ఆ రేవులో పడవవాళ్ళెవరూ ఇక వివరాలు అడగరు. నడి సరస్సులో పడవ ఆపి టోపీ పైకెత్తుతారు. అది చూసి చుట్టుపక్కల పడవలన్నీ హారన్లు మోగిస్తాయి. ఆ మోతలో ఎంత పిరికివాడికైనా పెళ్ళిమాట నోట్లోంచి వచ్చేస్తుంది.

గౌదెంజియో టోపీ ఎత్తాడు. హారన్లు మొదలయ్యాయి. ఎర్మెస్ అనే తోటి పడవవాడు పక్కకే వచ్చి, తన పడవలో ఉన్న జర్మన్ల చేత కూడా చప్పట్లు కొట్టించాడు.

"ఏమోయ్ గౌదెంజియో, ఒప్పుకుందా?"

"ఒప్పుకోక ఎక్కడికి పోతుంది? ముద్దు! ముద్దు!"

"ముద్దు! ముద్దు!" అని జర్మన్లు అందుకున్నారు.

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "లవీనియా, నేను..."

"ఆపండి!" అంది అమ్మాయి. "ఇతను మా అన్నయ్య."

గౌదెంజియో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"మా అన్నయ్య తాదేయో," అంది మళ్ళీ, కుర్రాడి వైపే చూస్తూ. "నేను ఆ ద్వీపంలో కన్యాస్త్రీల మఠంలో చేరడానికి వెళ్తున్నాను. మధ్యాహ్నం ప్రార్థనలోపు అక్కడ ఉండాలి. అన్నయ్య నన్ను దిగబెట్టడానికి వచ్చాడు. అంతే."

అప్పుడు కనిపించింది గౌదెంజియోకి. మెడలో గొలుసు లేదు, చెవులకు పోగులు లేవు. జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఒళ్ళో చిన్న సంచీ ఒక్కటే. గుడ్డివాడైనా పోల్చుకునేవాడు. తను మాత్రం మఠానికి పోయే పిల్లను కూర్చోబెట్టి ముద్దు ముద్దు అని కేకలు పెట్టించాడు.

"ఏం, మూగనోము పట్టావా?" ఎర్మెస్ ఇంకా అరుస్తున్నాడు. "ఔనందా, కాదందా?"

"నోరు ముయ్యరా! పో అవతలికి!"

ఎర్మెస్ బిత్తరపోయి పడవ తిప్పుకున్నాడు. దూరంగా ఉన్నవాళ్ళకు మాత్రం ఏమీ వినబడలేదు. పాపం, వాళ్ళు ఉత్సాహంగా హారన్లు కొడుతూనే ఉన్నారు. ఒక్కొక్క మోతా గౌదెంజియోకి చెంపదెబ్బలా తగిలింది.

ద్వీపం దగ్గరికి వచ్చాక పడవవాళ్ళు ఇంజను వాడరు. లోపల ప్రార్థనలు జరుగుతుంటాయని తెడ్లు వేస్తారు. మాట్లాడినా గొంతు తగ్గించే మాట్లాడతారు. గౌదెంజియో కూడా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలాగే చేస్తున్నాడు. ఇవాళ ఆ కాస్త దూరం తెడ్డు వెయ్యడానికి అతనికి ప్రాణం మీదికి వచ్చింది. తల ఎత్తితే ఎదురుగా ఆ పిల్ల. తల దించితే ఆమె తడిసిన చెప్పులు. నీళ్ళలో దూకేద్దామా అనిపించింది.

"తల్లీ," అన్నాడు చివరికి, "నా బుద్ధి గడ్డి తింది. ఇది మా ఆవిడకు తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వదు. లోపలికి వెళ్ళాక నన్ను తిట్టుకోకమ్మా."

"ఎందుకు తిట్టుకుంటానండీ? మీ తప్పేం లేదు," అంది లవీనియా. ఆ మాట ఎంత మెత్తగా అందంటే, అతనికి సిగ్గు ఇంకా ఎక్కువైంది. ఇంత మంచి పిల్లనా నేను అల్లరి పెట్టింది, అనుకున్నాడు.

పడవ మెట్లకు తగిలింది. తాదేయో చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని దిగి, వెంటనే వదిలేసింది.

"ఆరోగ్యం జాగ్రత్త అన్నయ్యా," అంది.

ఆమె మెట్లెక్కి, మఠం తలుపు తట్టి, లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆ తలుపు దాటినవాళ్ళు మళ్ళీ బయటికి రారని ఆ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

గౌదెంజియో తెడ్లు అందుకున్నాడు గాని, కుర్రాడి ముఖం చూడలేకపోయాడు. కొంత దూరం వచ్చాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"బాబూ, నీకూ క్షమాపణ చెప్పుకోవాలి. తోడబుట్టింది దూరమైపోతోందని నువ్వు కుమిలిపోతుంటే, అన్నాచెల్లెళ్ళను పట్టుకుని ఎంత పాడుమాట అన్నాను! ఇన్నేళ్ళుగా జంటలను తిప్పుతున్నానన్న పొగరు తప్ప ఏముంది నాలో? ఇవాళ్టితో ఆ పాడు హారన్లు మాన్పిస్తాను. నా కళ్ళు మండిపోను, ఎలా పొరబడ్డానో ఏమో."

తాదేయో ఇంకా ఆ మఠం తలుపు వైపే చూస్తున్నాడు.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి పెద్దాయనా," అన్నాడు. "నేను అడుగుదామనే వచ్చాను. ఆమె నన్ను అన్నయ్యా అనడం ఇవాళే మొదటిసారి."