వంకర చిల్లు

కాగితం మీద చిల్లు గుండ్రంగా లేదు.

ఖర్జూరం గింజలా పొడుగ్గా, ఓ పక్కకి ఒరిగి ఉంది.

అవినాష్ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తూటా సూటిగా దూరితే గుండ్రటి చిల్లే పడాలి కదా, ఇదేమిటి చెప్మా అనుకున్నాడు.

అమెరికాలో తాముండే ఫ్రిస్కో నుంచి బయల్దేరి ఇళ్ళన్నీ దాటాక వచ్చే, తుపాకి గురి ప్రాక్టీసు చేసుకునే రేంజ్ అది. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే ఆఫీసులో ఒకతని దగ్గర పాత రైఫిల్ కొనుక్కున్నాడు అవినాష్. వచ్చే శనివారం జింక వేట. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిది.

భార్య స్రవంతి ఊరికే ఒప్పుకుందా? కూతురు సాన్వి తినే మాంసంలో సీసం పొడి కలవకూడదు, సీసం తూటాలు ముట్టుకోవద్దంది. అంతటితో ఆగలేదు.

"కొడితే ఒక్క దెబ్బకి పడిపోవాలి. గాయంతో పారిపోయి ఎక్కడో పడి కొట్టుకుందో, ఆ తుపాకి మళ్ళీ నా గడప తొక్కకూడదు."

సీసం వద్దంది గనక పొడుగాటి రాగి తూటాలు కొన్నాడు. రెండో మాట నిలబెట్టుకోవడానికే ఈ ప్రాక్టీసు.

"తెలుగువాళ్ళా బాబూ?"

వెనక్కి తిరిగాడు. నెరిసిన మీసం, మాసిన టోపీ, మోకాళ్ళ దాకా బురద. పేరు రాజారావు అని చెప్పాడాయన.

అవినాష్ గుండెల్లో రాయి పడింది.

అమెరికాలో మనవాళ్ళందరికీ తెలిసిన భయమే ఇది. దుకాణంలో బెండకాయలు ఏరుకుంటుంటే ఎవరో వచ్చి తెలుగువాళ్ళా అంటారు, ఏ ఊరంటారు, నంబర్ తీసుకుంటారు. వారం తిరక్కుండా ఫోన్ చేసి, ఖాళీ టైములో చేసుకునే మంచి బిజినెస్ ఉంది, మీటింగ్‌కి రమ్మంటారు. ఆ దెబ్బ ఒకసారి తిన్నవాడే పాపం. అప్పుడు కొన్న సబ్బులూ విటమిన్ మాత్రలూ గరాజ్‌లో ఇంకా మూలుగుతున్నాయి.

పైగా ఈ పెద్దమనిషి ఇందాకటి నుంచి బల్లబల్లకీ తిరిగి అందర్నీ పలకరిస్తున్నాడు.

"మీ బ్యారెల్‌ ట్విస్ట్ ఎంత?" అన్నాడు రాజారావు, కాగితం మీదికి వంగి.

తనకి తెలియదన్నాడు అవినాష్. రాజారావు తుపాకి ఖాళీ చేయించి, తుడిచే కడ్డీకి గుడ్డ బిగించి బ్యారెల్‌లోకి, అంటే తుపాకి గొట్టంలోకి తోశాడు. లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయట. వాటి వెంట పోతూ కడ్డీ కూడా తిరిగింది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఎంత లోపలికి వెళ్ళిందో కొలిచి చూపించాడు. పన్నెండు అంగుళాలు. ట్విస్ట్ అంటే అదేనట.

"చిన్నప్పుడు బొంగరం ఆడారా? పొట్టిది నెమ్మదిగా తిరిగినా నిలబడుతుంది. పొడుగుది గట్టిగా తిరగాలి, లేకపోతే తూలిపోతుంది. తూటా కూడా అంతే బాబూ, తూలి పక్కకి ఒరిగి తగిలింది కాబట్టే ఈ వంకర చిల్లు. రాగి తేలిక, సీసం తూటా అంత బరువు తూగాలంటే పొడుగవుతుంది. ఇంత పొడుగుదానికి ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు తిప్పే బ్యారెల్ కావాలి. లేదా పొట్టి రాగి తూటాలు తీసుకోండి. దీంతో మాత్రం వెళ్ళకండి."

అవినాష్‌కి భలే ఆసక్తి పుట్టింది. అడగాల్సిన ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. అంతలో తట్టింది. ఓహో, ఈయన అమ్మేది బ్యారెళ్ళన్నమాట!

"చూస్తాను అంకుల్."

"నా నంబర్ ఉంచుకోండి. శనివారం ఏదైనా అవసరమైతే..."

"థాంక్స్ అంకుల్, నాకు బిజినెస్‌ల మీద ఇంట్రస్ట్ లేదు."

రాజారావు చిన్నగా నవ్వి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అసలు ఆయన ఏ కంపెనీ ఏజెంటు అయ్యుంటాడా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాడు అవినాష్. చిల్లు వంకరైతేనేం, పడాల్సిన చోటికి దగ్గర్లోనే పడిందిగా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

శనివారం పొద్దున వాల్టర్ అనే ముసలి రైతు పొలంలో జింక కనబడింది. అవినాష్ అవే పొడుగు తూటాలతో కాల్చాడు.

జింక ముందుకాళ్ళ మీద కూలింది. మళ్ళీ లేచింది. కుంటుకుంటూ తుప్పల్లోకి పరుగెత్తింది.

ఆకుల మీద అక్కడో చుక్క, ఇక్కడో చుక్క నెత్తురు. కొంత దూరం పోయాక అదీ లేదు. మధ్యాహ్నం దాకా ముళ్ళలో దూరి వెతికాడు. చొక్కా చిరిగింది, మొహం గీరుకుపోయింది. స్రవంతి మాట చెవిలో గింగురుమంటోంది. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

చివరికి వాల్టర్ ఇంటి తలుపు తట్టాడు. జింక గాయంతో తప్పించుకుందని చెప్పాడు.

వాల్టర్ ఇంకేమీ అడక్కుండా ఫోన్ తీశాడు. గాయపడ్డ జింకల్ని కుక్కతో వెతికిపెట్టే మనిషి ఒకతను ఉన్నాడట. వాటి అవస్థ చూడలేక చేసే పనేనట, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడట. ఆ కుక్క వాసన పట్టిందంటే వదలదట.

అవినాష్‌కి ప్రాణం లేచొచ్చింది.

వాల్టర్ ఫోన్ పెట్టేసి తల అడ్డంగా ఊపాడు. పొద్దున్నంతా ఆయన ఖాళీగానే ఉన్నాడట. ఇందాకే ఎవరో పిలిస్తే చాలా దూరం వెళ్ళిపోయాడట. తిరిగొచ్చేలోగా నెత్తుటి జాడంతా వాన కడిగేస్తుంది.

కిటికీ అద్దం మీద చినుకులు పడుతున్నాయి.

"జింక పారిపోగానే ఆయన్ని పిలవాల్సింది," అన్నాడు వాల్టర్.

అలాంటి మనిషి ఉన్నాడని తనకి తెలియదన్నాడు అవినాష్.

"తెలియకపోవడమేమిటి? వేట సీజన్‌కి ముందు రేంజ్ అంతా తిరిగి, వంకర చిల్లు పడ్డ ప్రతివాడికీ తనే పిలిచి నంబర్ ఇస్తాడే," అన్నాడు వాల్టర్, "మీ భాష మనిషే, రాజారావు."