వేడి ఇసుక

గునపం చప్పుడు విని దెమ్యాన్ కిటికీ తెర తొలగించాడు. ఎదురింటి మెట్ల మీద గ్లఫీరా మోకాళ్ళూని కూర్చుని గడ్డకట్టిన మంచును పొడుస్తోంది.

తన కళ్ళను తనే నమ్మలేకపోయాడు. ఆమె భర్త ప్రోఖర్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన నాటి నుంచీ ఆ మెట్లను పట్టించుకున్నవాళ్ళు లేరు. ముందు గదిలో ఉన్నిబూట్లు బాగుచేసే కొట్టు, వెనక గదిలో కాపురం. రెండింటికీ ఆ చెక్కమెట్లే దారి. చూరు నుంచి కారిన నీళ్ళు పొరమీద పొరగా పేరుకుని, అక్కడ మెట్లున్నాయని చెబితే తప్ప తెలియకుండా పోయింది. చెక్కమిల్లు మూతపడ్డాక ఆ వీధిలో మిగిలింది ఆ కొట్టు దీపం ఒక్కటే. అదీ ఆరిపోయాక దెమ్యాన్ సాయంత్రాలు కిటికీ తెర తీయడమే మానేశాడు.

కోటు తగిలించుకుని వీధి దాటాడు.

"ఇలా ఇవ్వు వదినా. నాలుగు గుప్పిళ్ళు ఉప్పు చల్లితే పోయేదానికి ఇంత యాతనెందుకు?"

"ఈ చలికి ఉప్పు పనిచెయ్యదని మీ అన్న అనేవారు కాదూ?" గునపం అందించింది గ్లఫీరా. "పైగా బూట్ల కుట్లు తినేస్తుంది. నువ్వు పగలగొట్టు, మిగతాది నేను చూస్తాను."

పెచ్చులు పెచ్చులుగా మంచు ఊడింది. ఆమె పొయ్యి మీద ఇసుక కాచి తెచ్చి మెట్ల మీద పోసింది. చల్లటి ఇసుకైతే గాలికి కొట్టుకుపోతుంది. వేడిదైతే మంచులోకి దిగి అక్కడే కరుచుకుంటుంది. ఇదీ ప్రోఖర్ పద్ధతే. తర్వాత పొయ్యిలోని బూడిదంతా బక్కెట్లోకి గీకి తెచ్చింది. అందులో ఇంకా నిప్పులు మిణుకుమంటున్నాయి.

"పొయ్యి ఖాళీ చేసేశావా? లోపల మనిషికి చలెయ్యదూ?"

"వెయ్యదులే."

గరుకు చాలదని, బూట్ల అతుకులకు దాచిన ఉన్నిముక్కలు కూడా తెచ్చి మెట్లకు మేకులతో కొట్టమంది.

"రేపు అతుకులకి ఏం చేస్తారు?"

"కొట్టు, దెమ్యాన్."

కొట్టాడు. కొడుతూ అడిగాడు. "రాత్రి దగ్గు వినబళ్ళేదు. తగ్గిందా?"

"తగ్గింది."

"రేపు బయటికొస్తాడా అయితే?"

గ్లఫీరా ఇంకో మెట్టు మీద బూడిద చల్లింది. "వస్తారు," అంది.

 దెమ్యాన్ తన సంతోషం ఆమెకు కనబడకుండా మేకుల మీదికి వంగాడు. అతని బూట్ల అడుగులు ఎప్పుడో చిరిగిపోతే పాత కాగితాలు కుక్కుకుని తిరుగుతున్నాడు. మరొకడి చేత కుట్టించుకోవడానికి మనసొప్పలేదు. రేపు మొదటి బేరం తనదే. 'ఇవి కాళ్ళా, గుర్రపు డెక్కలా?' అని ప్రోఖర్ తిడతాడు. తిట్టనీ. ఆ మాట విని ఎన్నాళ్ళయింది.

"గడప పక్కనున్న ఆ బొగ్గుల బస్తా ఎత్తుకుని ఒకసారి దిగు," అంది గ్లఫీరా.

"నన్ను గాడిదని చేశావు కదా వదినా." నవ్వుతూనే దిగాడు.

"జారిందా?"

"లేదు."

"ఇప్పుడు వెనక్కి నడుస్తూ దిగు."

"కొట్టుకొచ్చేవాడు ఎవడైనా వెనక్కి నడుస్తాడా?"

"దిగు."

ఆమె గొంతులో ఏముందో గాని, పైకెక్కి మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు. కాలితో ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ దిగాడు. అడుగు తప్పలేదు. గ్లఫీరా ఊపిరి వదిలి గడప మీద చతికిలబడింది.

"రేపు ఎన్నింటికి తెరుస్తావు? బూట్లు పట్టుకొస్తాను."

"తెరవను."

"మరి పొద్దుట్నుంచీ ఈ చాకిరీ ఎవరి కోసం?"

ఆమె మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

"ముందే చెబితే నీకు చేతులాడేవి కావు," అంది.

తర్వాత మెల్లగా చెప్పింది.

"ఆయన్ని మోసే నలుగురి కోసం."